లేవకూడని జపం

మా ఆవిడను చంపింది ఆమె అన్న. పోలీసులు పట్టుకుపోయే రకం హత్య కాదు కాబట్టి ఇంకా బయట తిరుగుతున్నాడు.

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. ముందు గది దుకాణం, తెర వెనక గది ఇల్లు. ఊరి బళ్ళో అయిదో తరగతితో చదువు మానేశాను. మంత్రాల గురించి చెప్పేంత చదువు నాకు లేదు. జరిగింది చెప్పగలను.

మా ఆవిడ దర్జీలకు కాజాలు కుట్టిపెట్టేది. పెళ్ళినాటికే ఆమెకు నమశ్శివాయ అనుకునే అలవాటుంది. సూది గుడ్డలోకి దిగితే నమ, పైకి వస్తే శివాయ. పెదవులు కదులుతూ ఉండేవి. పాలవాడు పిలిస్తే లేచేది, పక్కింటామెతో ఓ పావుగంట మాట్లాడేది, వచ్చి మళ్ళీ సూది అందుకునేది.

"ఇన్నిసార్లు మధ్యలో వదిలేసి పోతుంటే నీ దేవుడు విసుక్కోడా?" అన్నాను ఒకసారి.

"ముప్పై ఏళ్ళుగా మీతో వేగుతున్నాను, నేను విసుక్కున్నానా? ఆయనకి ఆమాత్రం ఓపిక ఉండదూ?" అంది.

ఆమె అన్న లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. తర్వాత ఎక్కడో మంత్రోపదేశం తీసుకున్నాడు. ఏడాది తిరక్కుండానే పదిమందిని పోగేసి తనే చెప్పడం మొదలుపెట్టాడు. లారీలను తూచినట్టే మనుషుల భక్తిని తూచేవాడు. ఒకరోజు మా ఇంటికొచ్చి, కాజాలు కుడుతున్న చెల్లెల్ని కాసేపు చూశాడు.

"ఇది జపం కాదు చెల్లాయ్. గొణుగుడు."

ఆమె ముఖం చిన్నబోయింది. "ఇన్నేళ్ళూ గొణిగానా అన్నయ్యా? మరి ఎలా చెయ్యాలి?"

"పెదవి కదలకూడదు. నామం నోట్లోంచి గొంతులోకి, గొంతులోంచి గుండెలోకి దిగాలి. పొద్దున్నే ఒకే ఆసనం, ఒకే దిక్కు. రోజుకి ఇరవై మాలలు, నలభై ఎనిమిది రోజులు. పూర్తయ్యేదాకా లేవకూడదు, పలక్కూడదు. మధ్యలో నోరు విప్పావంటే మళ్ళీ ఒకటో రోజు."

"మంచినీళ్ళు తాగాలన్నా ఇతని సంతకం కావాలేమో," అన్నాను. ఇద్దరూ నవ్వలేదు.

ఆమె కోరింది ఒక్కటే. నామం తనంతట తాను లోపల నడవాలి. "కాజా కుట్టేటప్పుడు నా ప్రమేయం లేకుండా చెయ్యి దానంతటదే పోతుంది చూశారా, అలాగండీ," అని ఆ సాయంత్రం నాకు చెప్పింది. ఇంకేమీ అడగని మనిషి. నేను కాదనలేదు.

వెనక గదిలో దుప్పటి నాలుగు మడతలు వేసి, తూర్పు గోడకేసి కూర్చునేది. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా. నాకు తెర సందులోంచి వీపు కనిపించేది. రుద్రాక్ష పూస మీద పూస పడే చప్పుడు వినిపించేది. నేను ఏదైనా అడగబోతే ఎడమచెయ్యి ఎత్తేది. ఎత్తిందంటే ఆగమని.

పంతొమ్మిదో రోజున తొందర పనిలో ఉండి, "చిన్న స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టావే?" అని అరిచాను.

"కిటికీలో," అంది.

అన్నాక తెలిసింది ఆమెకు. పంతొమ్మిది రోజులు పోయాయి. అరవలేదు, తిట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మర్నాడు మళ్ళీ ఒకటో రోజు.

ఆమె అన్న నా మీదికొచ్చాడు. "ఈసారైనా నోరు మూసుకో బావా. ఇంకో మాట. పూస ఆగిపోయి మనిషి కదలకుండా కూర్చుందనుకో, కంగారుపడకు. మనసు లయమవడం అంటే అదే. తాకావంటే తెగిపోతుంది. తాకకుండా నాకు ఫోన్ చెయ్యి."

"నీ పూచీయేనా?"

"నా పూచీ."

ఆ రెండో విడతలో ముప్పై ఒకటో రోజు ఏడున్నరకు పూసల చప్పుడు ఆగింది. చేతిలో ఉన్న బాబిన్ బల్ల మీద పెట్టి చూశాను. ఆమె ఎడమచెయ్యి పైకి లేచింది. రెండుసార్లు ఊగింది. దిగిపోయింది. ఆగమంటోంది అనుకున్నాను. ఆగాను. తర్వాత తల మెల్లగా గోడకు ఆనింది.

నాకు భయం వేసింది. పిలవబోయాను. ఆ పంతొమ్మిది రోజులు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అతనికి ఫోన్ చేశాను.

పది నిమిషాల్లో వచ్చాడు. చెప్పులు విడిచి, ఆమె పక్కన వంగి ముఖంలోకి చూశాడు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. కుడికంటి నుంచి నీరు కారుతోంది. పెదవి ఒక పక్కకు జారింది.

"మూతి వంకరపోయినట్టు లేదూ?" అన్నాను.

"ష్. ఆనందబాష్పాలు బావా. నామం లోపలికి దిగింది. నాకు ఇన్నేళ్ళకీ దక్కలేదు." అతని గొంతు వణికింది. నటించాడని నేను అనను. పక్కనే నేల మీద కూర్చుని కళ్ళు మూసుకుని తనూ జపం మొదలుపెట్టాడు. నేను తెర పట్టుకుని నిలబడ్డాను. ఆమె ఊపిరి వినిపిస్తోంది. గురకలా ఉంది. రెండు గంటలకు పైగా అలా నిలబడ్డాను. పది కావస్తుండగా ఆమె అతని ఒళ్ళోకి ఒరిగిపోయింది.

"ఎప్పుడు మొదలైంది?" అని అడిగాడు ఆసుపత్రిలో డాక్టరు.

"ఏడున్నరకి."

"ఇంతసేపూ ఏం చేస్తున్నారు?"

జపం చేస్తున్నామని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మెదడులో నరం మూసుకుపోయిందని, వెంటనే తెచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్ళమని అన్నాడు. మూడు రోజులు బతికింది. మాట లేదు. కళ్ళతో నన్నే చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు, అది నా సొంతం.

అతను మాత్రం మాల చేతిలో ఉండగానే వెళ్ళిపోయిందని, యోగిని అని అందరికీ చెప్పుకున్నాడు.

పదిహేను రోజులకు దుకాణం తెరిచాను. మొదటి మిషన్ చక్రం తిప్పుతుంటే నోట్లోంచి నమశ్శివాయ వచ్చింది. భక్తి కాదు, కసి. అతని నియమం ఒక్కటీ మిగల్చకూడదని పెదవులు కదిపాను, పైకి అన్నాను. ఎవరు పిలిచినా సగంలో లేచాను. కుక్క మొరిగినా లేచి చూశాను. తిరిగొచ్చి మళ్ళీ అందుకున్నాను. అలా నెలలు గడిచాయి. కసి తగ్గలేదు. నామం మాత్రం దాని దారిన అది లోపలికి పోయింది. ఇప్పుడు చక్రం ఆగినా నడుస్తుంది. అన్నం కలుపుకుంటుంటే నడుస్తుంది. ఆమె కోరుకున్నది నాకు వచ్చింది. నాకు సంతోషం కలగలేదు.

ఏడాది తర్వాత అతను వచ్చాడు. "ఆదివారం మా వాళ్ళ దగ్గరికి రా బావా. చెల్లాయి ఎలా వెళ్ళిందో నీ నోటితో చెబితే వాళ్ళకి గురి కుదురుతుంది."

వెళ్ళాను. పన్నెండుమంది ఆసనాల మీద కూర్చుని ఉన్నారు. ఉన్నది చెప్పాను. చెయ్యి ఎత్తడం, పెదవి జారడం, గురక, డాక్టరు అడిగింది.

"అప్పుడు ఊపిరి ఆడుతోందా నాయనా?" అని ఒక ముసలామె అడిగింది.

"ఆడుతోందమ్మా. ఈయన పక్కనే ఉన్నాడు."

ఆమె తన ఆసనం చుట్టుకుని లేచింది. ఆమె వెనక మిగతావాళ్ళు. అతను ఎవరినీ ఆపలేదు.

నెల తిరిగాక దుకాణానికి వచ్చి పీట మీద కూలబడ్డాడు. గడ్డం పెరిగింది.

"జపం పోయింది బావా. కళ్ళు మూస్తే చెల్లాయి ముఖమే. నామం నోట్లోకి రావట్లేదు."

నేను మిషన్ షటిల్‌కు నూనె వేస్తున్నాను.

"నీకు వస్తోంది. పెదవులు కదులుతున్నాయి. చూస్తున్నాను." ముందుకు వంగాడు. "నాకు ఒక్క మాట చాలు. తెలియక చేశావు అను. మళ్ళీ కూర్చోగలను. అది లేకపోతే నాకింకేమీ లేదు బావా."

తెలియకే చేశాడు. ఆ సంగతి నాకు తెలుసు. నేనూ తెలియకే ఊరుకున్నాను. ఆ మాట అతనికి ఇస్తే నాకూ ఇచ్చుకోవాల్సి వస్తుంది. ఇవ్వను.

"వెళ్ళు," అన్నాను.

గంటసేపు కూర్చున్నాడు. నేను పని చేసుకున్నాను. లేచి వెళ్ళిపోయాడు. ఇంకా జపం కుదరలేదని వింటున్నాను. కుదరకపోనీ.

చెప్పాల్సింది చెప్పాను. ఇక ఎవరు అడిగినా, అతనే వచ్చి కాళ్ళ మీద పడినా, దీని గురించి నా నోట ఇంకో మాట రాదు.