పొద్దుగూకితే ఆరే దీపం

మల్కాజ్‌గిరి స్టేషన్‌కు కూతవేటు దూరంలో హరికిషన్‌కు ఒక స్టడీ హాలుంది. ఉద్యోగాల పరీక్షలకు తయారయ్యే పిల్లలు అక్కడ కూర్చుని చదువుకుంటారు. దానికి అటెండరు బ్రహ్మచారి. పేరుకే బ్రహ్మచారి, ఇంట్లో ముగ్గురు మనవలున్నారు. వడ్రంగం తాతల నాటి విద్యే కానీ, మోకాళ్లు మొరాయించాక బాడిసె పక్కన పెట్టి నాలుగేళ్ల కిందట ఈ కొలువులో చేరాడు. తలుపులు తీయడం, కుర్చీలు సర్దడం, పిల్లలకు మంచినీళ్లు అందించడం, ఇంతే పని. అయినా ఆ పనంటే ఆయనకు ప్రాణం. ఈ వయసులో ఇంకో చోట ఎవరు పెట్టుకుంటారు?

అలాంటి కొలువుకు దసరా పండగ ఎసరు పెట్టింది.

వడ్రంగి ఇంట పుట్టినవాడు ఆయుధపూజ నాడు చేతులు ముడుచుకుని కూర్చోగలడా? హరికిషన్ గదిలో ఒక మూల, తీగలన్నీ వచ్చి చేరే నల్లడబ్బా ఉంటుంది. హాలుకంతా నెట్టు అందులోంచే పోతుంది. బ్రహ్మచారి లెక్కలో ఆ హాలుకు ఉలీ సుత్తీ అదే. పండగ పొద్దున దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాడు. ఆ పొద్దున్నే గేటు దగ్గరా మెట్ల మీదా బిగించిన నాలుగు కొత్త కెమెరాలకు కూడా బొట్లు పెట్టాడు. ఆ తర్వాత నల్లడబ్బా ముందు కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు చిమ్మి నాలుగు చుక్కలు డబ్బా మీద పడ్డాయి. గబగబా కండువాతో తుడిచేశాడు. పండగ కదా, హాలుకు తాళం వేసి ఇంటికి పోయాడు.

మర్నాడు సాయంత్రం గొడవ మొదలైంది. హాలు పైకప్పుకు మూడు వైఫై డబ్బాలున్నాయి. మూడింటికీ చిన్న పచ్చ దీపాలు. వాటిలో చివరి రెండు ఉన్నట్టుండి ఆరిపోయాయి. కాసేపటికి నారింజ రంగులో మిణుకుమన్నాయి, మళ్లీ ఆరిపోయాయి. ఆన్‌లైన్‌లో నమూనా పరీక్షలు రాసే పిల్లలు లబోదిబోమన్నారు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. పొద్దున చూస్తే మాత్రం మూడూ బుద్ధిమంతుల్లా పచ్చగా వెలుగుతుంటాయి.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఇక డబ్బా ముందు కొబ్బరికాయ కొట్టినవాణ్ని వదులుతారా?

"చారీ, కరెంటు మెషిన్ల మీద నీళ్లు పోస్తరా ఎవరన్న? పిల్లలంత పరేషాన్ అయితున్నరు" అన్నాడు హరికిషన్. ఆయన చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి. "రేపు కంపెనీ నుంచి ఇంజనీర్ వస్తది. నీళ్లతోనే ఖరాబైందని రాసిస్తే ఇగ నువ్వు రాకు. గంతే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తప్పు తనదేనని బ్రహ్మచారే నమ్మేశాడు. కొలువు పోతుందన్న దిగులు ఒకవైపు. చేతులెత్తి మొక్కిన యంత్రాన్ని ఆ చేతులతోనే పాడుచేశానన్న బాధ అంతకన్నా ఎక్కువ.

ఇంజనీరు పేరు సత్యవేణి. ముప్పై దాటని మనిషి. విజయనగరం వైపు నుంచి వచ్చి బేగంపేటలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తోంది. మధ్యాహ్నం రెండింటికి వచ్చి నిచ్చెన వేయించింది. మూడు వైఫై డబ్బాలూ దించి చూసింది, కేబుళ్లు మార్చి చూసింది, మీటరు పెట్టి చూసింది. అన్నీ పచ్చగానే వెలిగాయి. వంకే దొరకలేదు.

నిచ్చెన పట్టుకున్న బ్రహ్మచారి ఉండబట్టలేక అన్నాడు. "బిడ్డా, నీళ్లు నేనే పడగొట్టిన. దాచేదేం లేదు."

సత్యవేణి ఆయన వంక చూసి, నల్లడబ్బా మూత విప్పింది. లోపల చెమ్మ లేదు, మరక లేదు. "నాకైతే ఏటీ అవుపడ్డం లేదండి" అంది.

"ఎండిపోయి ఉంటది మేడం. నీళ్లనే రాయుండ్రి, ఇగ వేరే ఏముంటది?" అన్నాడు హరికిషన్.

ఆమెకు సాయంత్రంలోగా ఇంకో రెండు చోట్లకు వెళ్లే పని ఉంది. కనబడని జబ్బుకు ఏదో ఒక పేరు పెట్టక తప్పదు. బల్ల మీద రిపోర్టు కాగితం పెట్టుకుని కలం తీసింది. బ్రహ్మచారి నిచ్చెన వదిలి బల్ల దగ్గరికి వచ్చాడు. అడగనా వద్దా అని తటపటాయించి, చివరికి అడిగేశాడు.

"జెర పొద్దుగూకేదాంక ఉంటవా బిడ్డా? నువ్వు ఇప్పుడు చూస్తే ఏం కనవడది. అవి పొద్దుగూకంగనే పోతయి."

కలం ఆగింది. "రోజూ ఒకే టైముకా బాబాయ్‌గారూ?"

"రోజు ఆరింటికి. మొన్న ఒక్క దినం నాలుగింటికే పోయినయి. ఆ దినం మబ్బు పట్టి వాన గొట్టింది. తప్పు నాదే గదా అని, రోజు కిందనే నిలవడి చూస్తున్న."

సత్యవేణి కుర్చీలోంచి లేచింది. కిటికీలోంచి గేటు మీది కెమెరా వంక చూసింది, నల్లడబ్బా వంక చూసింది. "ఆ కెమెరాల తీగలు దీన్లోనే పెట్టేరా?"

"ముందటి నాలుగు సాకెట్లు ఖాళీగుండె. అండ్లనే పెట్టించిన" అన్నాడు హరికిషన్.

"బాబాయ్‌గారూ, నాలుగు మందపాటి గుడ్డలు కావాలండి. నేను సెప్పినప్పుడు ఒక్కో కెమెరాకి కళ్లు మూసీయండి. హరికిషన్‌గారూ, మీరు ఆ పచ్చ దీపాల్నే సూస్తూ ఉండండి."

బ్రహ్మచారి మోకాళ్ల నొప్పి మరిచి స్టూలు ఎక్కాడు. గేటు కెమెరా మీద గుడ్డ కప్పాడు. చీకటి పడిందనుకుని పాపం ఆ కెమెరా లోపల ఎర్ర చుక్కలు వెలిగించుకుంది. మెట్ల మీద రెండోది మూశాడు. ఏమీ కాలేదు. మూడోది మూశాడు.

"ఒకటి పోయింది!" హాల్లోంచి హరికిషన్ కేక.

నాలుగోది మూశాడు.

"ఇంగోటి సుత పోయింది!"

గుడ్డలు తీసేశాక రెండు నిమిషాలకు దీపాలు నారింజ రంగులో మిణుకుమని మళ్లీ పచ్చగా నిలబడ్డాయి. ఎండ కాస్తున్న మూడున్నరకు, అందరి కళ్ల ముందూ.

"ఈ వైఫై డబ్బాలకీ కెమెరాలకీ వేరే కరెంటు తీగ లేదండి" అంది సత్యవేణి. "నెట్టొచ్చే కేబుల్లోనే కరెంటూ వస్తాది. దాన్ని పెట్టేది ఈ నల్లడబ్బా. బంతి భోజనంలో లాగ ముందు కూకున్నోళ్లకి ముందు వడ్డిస్తాది. సీకటి పడితే కెమెరాలు దీపాలు ఎలిగించుకుంటాయి గదా, వాటికి ఆకలెక్కువైపోద్ది. సివరి ఇస్తళ్ల కాడికి, అంటే ఈ వైఫై డబ్బాల కాడికి, వచ్చేసరికి గిన్నె కాళీ. నీళ్లకీ దీనికీ సంబంధమే లేదండి. కెమెరాలకి వేరే డబ్బా పెట్టించుకుంటే సరి. అందాకా రెండు కెమెరాల్ని తీసేస్తాను."

కెమెరాలు పెట్టించింది హరికిషనే. గబగబా మెట్లు దిగి, మూల మీది హోటల్ నుంచి మూడు చాయ్‌లు తానే పట్టుకొచ్చాడు. మొదటి కప్పు బ్రహ్మచారి చేతిలో పెట్టి, "తప్పైంది. రేపు పొద్దుగాల నువ్వే తాళం తియ్యాలె" అన్నాడు. బ్రహ్మచారి తల ఊపాడు.

సత్యవేణి రిపోర్టు ముగించి ఆయన ముందుకు జరిపింది. "ఇక్కడో సంతకం పెట్టండి బాబాయ్‌గారూ."

"నా సంతకం ఎందుకు బిడ్డా?"

"లోపం కనిపెట్టినోళ్లు అన్న కాడ మీ పేరే రాసేనండి."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. నిజమే, తన పేరే, పూర్తిగా ఉంది. దాని పైవరసలో ఇంకేదో రాసి అడ్డంగా కొట్టేసి ఉంది. కూడబలుక్కుని చదివాడు. "నీళ్లు పడినందు వల్ల."

"అప్పటికే రాసేసేనండి" అంది సత్యవేణి తల దించుకుని. "ఇంకో రెండు ముక్కలు రాస్తే అయిపోయేదే. మీరు ఆపకపోతే నా సేత్తోనే మీ అన్నం తీసేద్దును. మీ మేలు మరిచిపోనండి."

బ్రహ్మచారి తన పేరు వంక మళ్లీ చూడలేదు. ఆ కొట్టేసిన మాటల మీదే వేలు పెట్టాడు.

"ఆగుమంటే ఎవరు ఆగుతరు బిడ్డా, నా అసొంటోని మాటకు?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు ఆగినవ్."

కలం తీసుకుని, తన పేరు పక్కనే సంతకం పెట్టాడు.