అడుగు రేకు, మూసిన కన్నాలు

దసరానాడు కారుకు కుంకుమ పెట్టేవారు, తమ బరువంతా మోసే భాగాన్ని వదిలి బానెట్టుకే ఎందుకు పెడతారు? ఇంతవరకు ఎవరూ నాకు జవాబు చెప్పలేదు.

నేను ఒక కారు అడుగు రేకును. సీట్లు, మనుషులను పట్టి ఉంచే బెల్టులు నా ఆధారంతోనే నిలుస్తాయి. నన్ను రూపొందించినవారు ఆలోచనాపరులు. గాలి నా గుంటల్లో చిక్కి సుడులు తిరిగితే బండిని వెనక్కి లాగుతుందనీ, పెట్రోలు వృథా అవుతుందనీ నా కింద నునుపైన పలకలు బిగించారు. చేరిన నీరు కారిపోవడానికి అంచుల్లో కన్నాలు వదిలారు. ఈ రెండూ కంటికి కనబడని చోట ఉండడమే వాటి నేరమైంది.

నన్ను మొదట కొన్న వెంకటరత్నానికి ఉప్పాడ దగ్గర రొయ్యపిల్లల హేచరీ ఉంది. కాకినాడ నుంచి సముద్రం వెంట రోజూ ప్రయాణం. కెరటాలు రోడ్డెక్కిన రోజున కూడా ఆగేవాడు కాదు. ఇంటికి చేరాక పైభాగం అద్దంలా తుడిపించేవాడు. ఉప్పు నాకు మిగిలేది.

ఒకసారి స్పీడ్‌బ్రేకర్ తగిలి ఒక పలక వదులై చప్పుడు చేసింది. "అడుగున ఎవడు చూస్తాడయ్యా, అన్నీ పీకి పారెయ్" అన్నాడు మెకానిక్‌తో. మైలేజీ పడిపోయింది. "బంకోడు కొట్టేస్తున్నాడు" అని బంకు మార్చాడు.

తుప్పు భయం మాత్రం ఆయనకు లేకపోలేదు. నాకు నల్లని పూత వేయించాడు. "కన్నాల్లోంచే కదా నీళ్ళెక్కేది, ఒక్కటీ వదలకు" అంటూ దగ్గరుండి మూయించాడు. ఆనాటి నుంచి తలుపుల సందుల్లో దిగిన ప్రతి చుక్కా నాలోనే నిలిచింది. కింద నిగనిగలాడుతూ, లోపల పొరలుపొరలుగా రాలిపోయాను.

"కాళ్ళకింద చెమ్మగా ఉంటోందండీ" అంది ముందు సీటులో కూర్చునే ఆయన భార్య సుభాషిణి.

"ఏసీ నీళ్ళే. నీకు అన్నీ చెమ్మే."

ఆ వానాకాలంలోనే ఆమె మడమ నాలోంచి దిగిపోయింది. పరుగెత్తే రోడ్డును ఆమె తన కాలి పక్కనే చూసింది. వెంకటరత్నం ఆ చిల్లు మీద రేకు ముక్క అతికించి, పైన కొత్త మ్యాట్ పరిచి, కింద మళ్ళీ నల్లపూత కొట్టించి కారును అమ్మకానికి పెట్టాడు.

కొనడానికి నర్సు ఎస్తేరు వచ్చింది. "అమ్మను డయాలసిస్‌కి తీసుకెళ్ళాలండి, ఆటో కుదుపులకి తట్టుకోలేకపోతుంది" అంది.

సుభాషిణి గుమ్మంలోంచి, "ఆ మ్యాట్ ఓసారి ఎత్తి చూడమ్మా" అంది.

వెంకటరత్నం నవ్వాడు. "మా ఆవిడకి గుళ్ళో తీర్థం మీద కూడా అనుమానమేనమ్మా. మీరు పాట వినండి, సౌండు ఎలా ఉందో."

"ఇంత శుభ్రంగా పెట్టుకున్నారు, చూసేదేముంది ఆంటీ" అంటూ ఎస్తేరు సౌండు పెంచింది.

భర్త ఎదుట ఒక మాట అనడానికే సుభాషిణి ధైర్యం సరిపోయింది. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ ముందు సీటులో ఎస్తేరు తల్లి కూర్చుంటోంది. కుదుపులు లేవని కూతురిని మెచ్చుకుంటోంది. సీటును పట్టిన బోల్టుల చుట్టూ ఇనుము లేదు, పూత ఉంది. ముందు వెళ్ళే లారీ ఒక్కసారి గట్టిగా బ్రేకు వేస్తే నేను ఆమెను పట్టుకోలేను.

మీ తల్లి కూర్చునే సీటు కింద మ్యాట్ ఎత్తండి. బొటనవేలితో గట్టిగా నొక్కండి. దిగబడితే ఆమెను కిందికి దింపండి.