నాకు తెరుచుకుంటోందిగా

ఉదయం నుంచి ఆసుపత్రిలో లాబ్ రిపోర్టులు వార్డులకు చేరడం లేదు. లాబ్ సర్వరు పంపుతూనే ఉంది, వార్డు సర్వరు అందుకోవడం లేదు. ఆ రెండూ మాట్లాడుకునేది ఎన్‌క్రిప్టు చేసిన, అంటే బయటివాళ్లకు అర్థం కాని రహస్య భాషలో. అందుకు కావలసిన సర్టిఫికెట్ గడువు తీరితే, వార్డు సర్వరు చూసే వదిన నిన్ననే కొత్తది, దానికి తాళంచెవి లాంటి ప్రైవేట్ కీతో సహా పెట్టింది. లాబ్ సర్వరు చూసేది ఆమె తమ్ముడి భార్య.

"నా వైపు తప్పేం లేదండీ. సర్టిఫికెట్ నాకు తెరుచుకుంటోందిగా!" అంది వదిన, మేనేజరు గదిలో అందరి ముందూ. "లాబ్ వైపే ఏదో చెడగొట్టారు. ధ్యాస పని మీద ఉంటే కదా."

మరదలి మొహం కందిపోయింది. "ఇంకోసారి నీ వైపు చూడు వదినా."

"ఇక్కడ వదినేంటి? మేడమ్ అను."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు మరదలిని సర్వరు పని నుంచి తప్పించి, రేపటి నుంచి ఊరవతలి శాఖలో కౌంటరుకు వెళ్లమన్నాడు.

సీటుకు తిరిగొచ్చాక గాని వదినకు ఆ మాట బరువు తెలియలేదు. రోజూ ఇద్దరూ కలిసి వచ్చే బస్సులో రేపటి నుంచి పక్క సీటు ఖాళీ. మనసు నిలవక, ఏదో ఒకటి చెయ్యాలని, సర్వరు తన పనంతా రాసిపెట్టుకునే లాగ్ తెరిచింది. అందులో ఒకే వాక్యం మళ్లీ మళ్లీ ఉంది: ప్రైవేట్ కీ చదివే అనుమతి లేదు.

అనుమతి లేనిది ఆమెకు కాదు, సర్వరులో మెసేజీలు అందుకునే ప్రోగ్రాముకు, అంటే సర్వీసుకు. దానికి వేరే అకౌంటుంది. జాగ్రత్త ఎక్కువై, ఆ కీ తనొక్కతే చదివేలా నిన్న తానే కట్టడి చేసింది. ప్రతిసారీ తన పేరుతోనే తెరిచి చూసి, బాగుందనుకుంది. తాళంచెవి తన కొంగున ముడేసుకుని, తలుపు తియ్యలేదని లోపలివాళ్లను తిట్టినట్టయింది.

సర్వీసుకు చదివే అనుమతి ఇచ్చి, దాన్ని ఆపి మళ్లీ నడిపించింది. రిపోర్టులు బిలబిలమంటూ వచ్చి పడ్డాయి. వెంటనే ఫోను మోగింది.

"చూశారా మేడమ్! ఆవిణ్ణి తప్పించామో లేదో, దార్లో పడింది," అన్నాడు మేనేజరు.

"అవునండీ."

ఆ మాట తన నోటినుంచే వచ్చింది. ఫోను పెట్టేసి బయటికి వచ్చింది.

మరదలు సంచి భుజాన వేసుకుని మెట్లు దిగుతోంది. వదిన పరుగున వెళ్లి ఆపి, జరిగినదంతా గుసగుసగా చెప్పేసింది. "తప్పు నాదేనే," అంది.

మరదలు ఆమె వంక తేరిపార చూసింది. "తిట్టింది అందరి ముందు. ఇది మాత్రం మెట్ల మీద, నాకొక్కదానికేనా? ఈ అనుమతి కూడా ఒక్కరికే ఇచ్చావా వదినా?"

వదినకు తల ఎత్తబుద్ధి కాలేదు. వెనక్కి వెళ్లింది. మేనేజరు గదిలో ఇందాకటివాళ్లే టీ తాగుతున్నారు. తలుపు వెయ్యబోయిన మనిషిని ఆపింది.

"ఉండనివ్వండి. బయటికి కూడా వినపడాలి. సర్టిఫికెట్ కీ సర్వీసుకు అందకుండా కట్టడి చేసింది నేనండీ. లాబ్ వైపు ఏ తప్పూ లేదు."

"మరి ఇందాక ఫోన్లో అవునన్నారు?"

"అదీ తప్పేనండీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది.

మరదలి బదిలీ ఆగింది. సాయంత్రం బస్సులో ఆమె పక్క సీటులో సంచి పెట్టుకుని కూర్చుంది. వదిన కడ్డీ పట్టుకుని నిలబడింది. రెండు స్టాపులు దాటాక మరదలు సంచి ఒళ్లోకి తీసుకుంది.

"కూర్చోండి, మేడమ్," అంది కిటికీలోంచి బయటికి చూస్తూనే.

వదిన కూర్చుంది.