పెద్దరేవు మీద ఇల్లు

ఆ ఫోను పక్కన పెట్టి, ఇలా నా దగ్గరకి జరగండి. మన లంకలో సూర్యకళ ఇంటి సంగతి చెబుతాను.

సూర్యకళది ఆత్రేయపురం వైపు ఊరు. గోదావరి నడుమనున్న మన లంకకి కోడలిగా వచ్చి ఆరేళ్లయినా, పడవెక్కితే అంచు గట్టిగా పట్టుకునేది. ఏటికోతకి పాత ఇల్లు సగం పోయాక, ఆమె భర్త త్రిమూర్తులు పడమటి మేట మీద కొత్తిల్లు మొదలెట్టాడు. వరదలు పోసిన ఒండ్రు నేల. ఎత్తుగా, ఏటికి దూరంగా ఉంది.

మరుగుదొడ్డి గుంత తవ్వుతుంటే ఏడడుగుల లోతున తాటి దుంగ తగిలింది. నిలువుగా పాతి ఉంది. చుట్టూ తాడు ఒరుసుకున్న గాడి. త్రిమూర్తులు మేనత్త అచ్చాయమ్మ గుంతలోకి తొంగిచూసింది.

"పడవలు కట్టే గుంజరా ఇది. నా పెళ్లి పడవ దీనికే కట్టారు. ఇది పెద్దరేవు. ఈ పక్కనే మూడు నిలువుల నీరుండేది."

"ఏరు అటెళ్లిపోయి నలభయ్యేళ్లు దాటిందత్తా."

"వెళ్లేప్పుడు మాతో చెప్పి వెళ్లిందా, వచ్చేప్పుడు నీతో చెప్పడానికి?"

"మా అత్త ఏటితో కూడా చుట్టరికం కలుపుతుంది," అని త్రిమూర్తులు నవ్వాడు. సూర్యకళకి నవ్వు రాలేదు.

గృహప్రవేశమైన వారానికే ఏట్లో వరద నీరు ఎర్రబడింది. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక పెట్టారని ఫోన్లో మెసేజ్ వచ్చింది. త్రిమూర్తులు గట్టు దాకా వెళ్లి చూసొచ్చాడు.

"ఒడ్డెక్కడానికి ఇంకా నాలుగడుగులుంది. రెండోది పెట్టాక చూద్దాం."

అన్నం వడ్డిస్తుంటే సూర్యకళ అరికాళ్లకి చెమ్మ తగిలింది. గడప పొడిగానే ఉంది. టైల్స్ సందుల్లోంచి మాత్రం నీరు ఊరుతోంది, చడీచప్పుడు లేకుండా.

"కొత్తిల్లు కదే, నిమ్ము."

"నిమ్ము ఎర్రగా ఉండదండి."

గరిటె అక్కడే పెట్టేసిందామె. కూతురు హారతిని చంకనెత్తుకుని తూర్పు రేవుకి నడిచింది. బియ్యం బస్తాలు మంచమ్మీద పెట్టి వస్తానన్నాడు త్రిమూర్తులు.

"ఏసురాజు గారూ, ఇంకాస్త ఆగండి," అంది పడవలో కూర్చుని, పడవ నడిపే అతనితో.

"పడవ నిలవట్లేదమ్మా. పిలు ఆయన్ని."

పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. చివరికి అతను చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. వెనక ఇల్లు కూలలేదు, కిందికి దిగింది. మెట్లు, కిటికీలు, పిట్టగోడ. ఆ సాయంత్రానికి లంక రెండు ముక్కలై, నడుమ ఏరు పారింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి అచ్చాయమ్మ పోయింది. ఇప్పుడు ఉత్తరపు మేట మీద ఇళ్ల స్థలాలు కొలుస్తున్నారట. అక్కడ బల్లకట్టు రేవు ఉండేది. అది మీరు గుర్తుంచుకోండి. కొలిచేవాళ్లకి చెప్పండి. వినకపోతే మీ పిల్లలకైనా చెప్పండి.