ఫణి గారి హాల్లో కొండ

ఫణి గారి హాల్లో ఒక కొండ ఉండేది. కంటికి కనిపించేది కాదు, చెవికి వినిపించేది. ఆదివారం పూట పాటలు వినడానికి వచ్చేవాళ్లకు ఆయన చూపుడువేలు పైకెత్తి, "అదిగో కొండ, విన్నారా" అని మరీ చూపించేవాడు.

పత్తర్‌గట్టి వెనక సందులో పాతకాలపు రాతి మేడ. దాని పై అంతస్తు ఆయనది. ఎత్తైన కప్పు, కింద నున్నటి షాబాదు బండలు, ఒక పక్క పొడవునా గాజు తలుపులు, హాల్లో ఓ చివర మనిషెత్తు స్పీకర్లు రెండు. పాటలు వినే గదులను చక్కదిద్దడం గీతాంజలి పని. ఇంజినీరింగు చదివి, రెండేళ్లు ఇంకొకరి దగ్గర చేసి, తర్వాత సొంతంగా పెట్టుకుంది. స్పీకర్లు ఎంత గొప్పవైనా, గోడలు మధ్యలో నోరు చేసుకుంటే మనం వినేది సగం గోడల మాటే అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఫణి గారు ఫోన్ చేస్తే కొలతలు తీసుకోవడానికి వచ్చింది.

"కొలతలు తర్వాత అమ్మాయ్. ముందు కూర్చుని ఇది విను" అని ఆయన డెక్‌లో ఒక పాత క్యాసెట్ పెట్టాడు.

ఆడగొంతు. పాలు పిండుతూ పాడే పాట. "నల్ల బర్రె నడిచొస్తె నట్టిల్లు నిండె" అని ఎత్తుకుని, చరణం చివర కొంచెం సాగదీసి, గుటక వేసినట్టు ఆపుతుంది. ఆపిన చోట ఆ గొంతు హాలంతా తిరిగి తిరిగి మోగింది.

గీతాంజలి చేతిలోని కొలత టేపు జారి, చప్పున లోపలికి చుట్టుకుపోయింది. అది వాళ్ల అమ్మ గొంతు.

"ఎక్కడిది సార్ ఇది?" అంది, తన గొంతు తనకే కొత్తగా వినబడుతుంటే.

"ఆదిలాబాదు అడవుల్లోది. నేను సర్వీసులో ఉండగా క్యాంపుకెళ్లాను. కొండ కింద ఒక ముసలావిడ బర్రెల్ని కాస్తూ పాడుతోంది. పేరడిగితే భయపడి పారిపోయింది పాపం. ఆ మోగడం విన్నావా? అది కొండ. ఆవిడ పాడితే కొండ బదులు పలుకుతోంది."

"మరి ఇంక ఇబ్బందేమిటి సార్?"

"మిగతా పాటలన్నీ పీపాలో కూర్చుని విన్నట్టున్నాయని అమరనాథ్ గారు ముఖం మీదే అనేశారు. పాత గొంతులు వెతికి డిస్కులు వేస్తారాయన. ఈ పాట వేద్దామంటున్నారు, సేకరణ అని నా పేరుతో. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తారు. అప్పటికి హాలు మెరిసిపోవాలి."

"ఈ క్యాసెట్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎప్పుడైనా విన్నారా?"

"ఛ, చెవులకు గంతలు కట్టుకునేవాళ్లు వేరే ఉన్నారమ్మాయ్."

ఆ గొంతు వినగానే ఆయనెవరో గీతాంజలికి తెలిసిపోయింది. ఈ ఫణి గారు ఒకప్పుడు కృష్ణా జిల్లా నుంచి ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చి, మాదన్నపేటలో పాల వ్యాపారం చేసే వాళ్ల అమ్మ లలితమ్మ ఇంట్లో మేడ మీద గది అద్దెకు తీసుకున్నాడు. చెంబుతో పొద్దునా సాయంత్రం ఆమె పోసిన పాలు తాగాడు. ఒక మధ్యాహ్నం టేప్ రికార్డరు పట్టుకుని బర్రెల కొట్టంలోకి దిగి, బతిమాలి ఆమె చేత పాడించుకున్నాడు. తర్వాత ఇల్లు మారాడు. లలితమ్మ పోయాక ఇంట్లో ఆమె ఫొటోలు మిగిలాయి కాని గొంతు మిగల్లేదు. కొడుకు గోవర్ధన్ ఫణి గారి ఆఫీసు వెతుక్కుంటూ పోయి, ఆ క్యాసెట్ ఒక్కసారి ఇస్తే కాపీ చేసుకుంటామన్నాడు. ఫణి గారు కుర్చీలోంచి లేవకుండానే, "టేప్ రికార్డరు నమిలేసిందయ్యా, పారేశాను" అన్నాడు. గోవర్ధన్ ఇంటికొచ్చి ఆ రోజు అన్నం ముట్టలేదు.

మాదన్నపేట పాలామె పాడిందంటే ఎవరూ నోరెళ్లబెట్టరు. అడవి, కొండ, పేరులేని ముసలమ్మ అంటే నోళ్లు తెరుచుకుంటాయి. అంత చిన్న విషయం కోసం ఈ మనిషి తన తల్లిని ఊరు లేని దానిగా, పేరు లేని దానిగా చేశాడు. గీతాంజలిని అందరూ చిన్ని అని పిలిచిన రోజుల్లో ఎరిగినవాడు, ఇప్పుడు ఎదురుగా నిలబడితే ఎవరో పోల్చుకోలేదు.

ఆమె లేచి, హాలు నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టింది. ఆ చప్పుడు గోడకూ గాజుకూ మధ్య గిలగిలా కొట్టుకుంటూ పోయింది. పాట చివర మోగింది సరిగ్గా అదే. అమ్మ పాడింది గడ్డి మోపుల మధ్య, పిడకలు పేర్చిన కొట్టంలో. గడ్డి ఏ గొంతునూ వెనక్కి పంపదు. ఈ కొండ ఈ గోడలదే. ప్రతిసారీ తన హాలు అరుస్తుంటే ఈయన కొండ అనుకుని వేలెత్తి చూపిస్తున్నాడు.

"ఏమైనా చెయ్యొచ్చా?" అన్నాడు ఫణి గారు.

"చాలా చెయ్యొచ్చు సార్" అంది ఆమె నవ్వుతూ.

ఇంటికెళ్లి అన్నకు చెబితే గోవర్ధన్ చెప్పులు తొడుక్కున్నాడు.

"పా పోదాం. నలుగురం పోతే క్యాసెటే గాదు, మూతి పండ్లు గూడ తీసి చేతుల పెడ్తడు."

"కూసో అన్నా. మనం గుంజుకొస్తే మనమే దొంగలమైతం. అడవిల రికార్డు చేసిన అంటడు, నీ దగ్గర ఏం సబూతున్నది?"

"మరేం జేస్తవ్?"

"వాని హాలు బాగు చేస్త. మస్తుగ చేస్త."

"దిమాగ్ ఖరాబైందా ఏంది నీకు? అమ్మ గొంతు దాసినోనికి సేవ జేస్తవా?"

"వాని గోడలు గమ్మున పడుంటె అమ్మ ఒక్కతే మాట్లాడ్తది. పది మంది ముంగట మాట్లాడ్తది. ఆ రోజు కొట్టంల నేనున్న గదా. పాట మధ్యల అమ్మ ఊకుంటదా? బర్రెతోనొకటి, నాతోనొకటి అంటనే ఉండె. అదంత ఆ మోత కింద పడి ఉన్నది."

"లేకపోతే?"

లేకపోతే, తల్లి గొంతు మీద ఆ మనిషి పేరు పడుతుంది, తన చేతులతోనే మెరుగుపెట్టి ఇచ్చినట్టవుతుంది.

పని మొదలైంది. ఫణి గారిని కుర్చీలో కూర్చోబెట్టి, పక్క గోడ మీద అద్దం జరుపుతూ పోయింది. అద్దంలో ఆయనకు స్పీకరు కనిపించిన చోటల్లా గుర్తు పెట్టింది. స్పీకరు చప్పుడు గోడకు తగిలి ఆయన చెవికి చేరేది ఆ చోట్ల నుంచే. అక్కడ గుడ్డ తొడిగిన మెత్తటి పలకలు బిగించింది. గుమ్ముమనే మోత మూలల్లో పోగుపడుతుందని నాలుగు మూలల్లోనూ నేల నుంచి కప్పు దాకా లావుపాటి మెత్తలు నిలబెట్టింది. బండల మీద మందపాటి తివాచీ, గాజు తలుపులకు పత్తర్‌గట్టిలో తానే ఏరి తెచ్చిన బరువైన పరదాలు. కుర్చీని వెనక గోడ నుంచి ముందుకు జరిపి, ఆ గోడకు పుస్తకాల బీరువాలు చేర్చింది. ప్రతి మేకూ పగతోనే దింపింది. నిజం చెప్పాలంటే అంత శుభ్రంగా ఇంతవరకు ఏ పనీ చేయలేదు.

ఫణి గారు మాత్రం ఊరుకోలేకపోయాడు. "ఒక్క పాట వింటాను, ఆ వైర్లు కలుపు."

"పెళ్లికూతుర్ని పీటల మీదే చూడాలి సార్. ఆదివారం అందరితో కలిసి వినండి" అని స్పీకర్ల వైర్లు తన సంచిలోనే పెట్టుకుపోయింది. ఆయన మురిసిపోయి ఇంకో నలుగురిని పిలిచాడు.

ఆదివారం హాలు నిండింది. అమరనాథ్ గారు తెల్ల గడ్డం నిమురుకుంటూ ముందు కుర్చీలో కూర్చున్నాడు. గీతాంజలి వైర్లు బిగించి, తలుపు పక్కన నిలబడింది. మొదట ఒక పాత సినిమా పాట పెట్టారు. వీణ తీగ మీద వేలు జరగడం కూడా వినిపించింది.

"క్యా బాత్ హై ఫణి సాబ్, పీపా పగిలిపోయింది" అన్నాడు అమరనాథ్ గారు.

ఫణి గారు పెళ్లిపందిట్లో తిరిగినట్టు తిరిగి, క్యాసెట్ పెట్టాడు. "ఇప్పుడు కొండ వినండి."

లలితమ్మ వచ్చి ఆ తివాచీ మీద కూర్చున్నట్టే ఉంది. "నల్ల బర్రె నడిచొస్తె..." ఊపిరి తీసుకోవడం, గొంతులో చిన్న జీర, అన్నీ ఉన్నాయి. చరణం చివర సాగదీసి ఆపింది. ఫణి గారు వేలెత్తాడు.

కొండ రాలేదు.

వేలు అలాగే ఉండిపోయింది. కొండ ఉండాల్సిన చోట పాలధార గిన్నెలో పడుతున్న చప్పుడు వచ్చింది. గొలుసు కదిలింది. ఎక్కడో సందు చివర్నుంచి సన్నగా పాత సామాన్లు కొనేవాడి గొంతు, "లోహా, పురానే డబ్బే, రద్దీ పేపర్..." అని సాగింది. ఆ తర్వాత లలితమ్మ, పాట పక్కన పెట్టి, మెల్లగా, "చిన్నీ, దూడను ఇడువకే. ఫణి సారు మిషిని మీదికి దుంకుతది" అంది. అని, ఏమీ ఎరగనట్టు రెండో చరణం ఎత్తుకుంది.

గీతాంజలి తలుపు గడియ గట్టిగా పట్టుకుంది.

ఫణి గారు ఉరికి టేపు ఆపేశాడు. "పాత క్యాసెట్. ఇంకేదో దాని మీద కలిసిపోయింది."

"కలిసిపోయిందా" అన్నాడు అమరనాథ్ గారు. "ఫణి సాబ్, అడవిల రద్దీ పేపర్ ఎవరు అమ్ముతరు? జింకలా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"పేరడిగితే పారిపోయిందంటిరి. ఆ అమ్మకు మీ పేరెట్ల తెలిసె?"

ఫణి గారు గీతాంజలి మీదికి తిరిగాడు. "ఏం చేశావు నా హాల్ని? నా కొండ ఏది?"

ఆమె ఇంతకాలం ఆయన ముందు మాట్లాడిన ఆఫీసు తెలుగు అక్కడితో వదిలేసింది.

"కొండ మీ గోడలది సార్. మీరే పిలిచి తీసేయించుకున్నరు. పాడింది మా అమ్మ. లలితమ్మ, మాదన్నపేట. దూడను పట్టుకున్న చిన్ని నేనే. టేప్ రికార్డరు నమిలేసిందన్నరట గదా మా అన్నతోని. ఎంత మంచిగ నమిలిందో ఇంకోసారి పెట్టున్రి, అందరు వింటరు."

ఆయన కదల్లేదు. అమరనాథ్ గారే లేచి, వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. ఈసారి అందరూ ముందుకు వంగి విన్నారు. "ఫణి సారు" అన్న చోట అందరి తలలూ ఒకేసారి ఆయన వైపు తిరిగాయి. గీతాంజలి ఆ ముఖాన్ని కన్నార్పకుండా చూసింది. ఇన్నేళ్లూ దాచుకున్న ఆకలి తీరినట్టు చూసింది.

"నేను పాట కోసమే చేశాను" అన్నాడు ఫణి గారు, ఎవరి వైపూ చూడకుండా. "పాలావిడ అంటే ఎవరు వింటారని..."

"పాలామె పాలైతే తాగిన్రు" అంది ఆమె.

డెక్ దగ్గరికి పోయి క్యాసెట్ తీసుకుంది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

"పేరు లలితమ్మ అనే వేస్తం బేటీ, మీరు సరేనంటే" అన్నాడు అమరనాథ్ గారు. "సేకరణ అన్న కాడ ఏం వెయ్యమంటవ్?"

"ఖాళీ ఉంచున్రి. ఎవరని అందరు అడగాలె. అడిగినప్పుడల్లా ఇక్కడున్నోళ్లు చెప్పాలె."

"ఈ పలకలూ గిలకలూ అన్నీ పీక్కుపో" అన్నాడు ఫణి గారు. గొంతు పొడిబారిపోయింది. ఆ హాల్లో అది కూడా దాగలేదు.

"వద్దు సార్. చానా గట్టిగ బిగించిన. ఉండనియ్యిన్రి."

కింద సందులో గోవర్ధన్ బండి మీద కూర్చుని ఉన్నాడు. చెల్లెలు చేతిలో పెట్టిన క్యాసెట్‌ను రెండు చేతులా పట్టుకుని, జేబులో పెట్టబోయి, మళ్లీ తీసి చూసుకున్నాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే మెట్లు దిగి, వాళ్ల పక్క నుంచి గొణుక్కుంటూ పోయారు.

అందరూ పోయాక పైనుంచి ఒక చప్పట వినిపించింది.

"అదేందే, ఒక్కడే సప్పట్లు కొట్టుకుంటుండు?" అన్నాడు గోవర్ధన్.

"కొండను పిలుస్తుండు."

ఇద్దరూ తలలెత్తి విన్నారు. పైన ఇంకోసారి కొట్టాడు, ఈసారి గట్టిగా. ఏదీ తిరిగి పలకలేదు.

"పోనియ్ బండి" అంది గీతాంజలి.