ఐదు నిమిషాలు ఆగని ఇల్లు

మా ఇంట్లో నాకు జ్వరమొస్తే చూసే దిక్కుండదు. నెట్ పోతే మాత్రం నిమిషంలో ముగ్గురు వైద్యులు తయారవుతారు.

ఆ రోజు పొద్దున పదిన్నరకి పోయింది. పదకొండింటికి నాకు ఇంటర్వ్యూ, తొమ్మిదేళ్ల తర్వాత మొదటిది. ఉద్యోగం ఏమిటంటే, ఒక నెట్ కంపెనీలో కూర్చుని, ఇలా నెట్ పోయి గగ్గోలు పెట్టేవాళ్లకి ఫోన్లో దారి చెప్పడం. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను దాచలేదు, వాళ్లు అడగలేదు. "ఏదో కంప్యూటర్లో మాట్లాడుకుంటుందట" అని మా అత్తగారు పక్కింటావిడతో చెప్పారు, అంతే.

పోనీ ఫోన్లో మాట్లాడదామంటే, మా ఇంట్లో సిగ్నల్ బాత్రూం కిటికీ దగ్గర తప్ప దొరకదు. బకెట్ బోర్లించుకుని కూర్చుని ఉద్యోగం అడగడానికి నాకు మనసొప్పలేదు.

మా రౌటర్ నివాసం వీధి తలుపు పక్కన, చెప్పుల స్టాండు మీద. పచ్చగా వెలగాల్సిన లైటు ఎర్రగా వెలుగుతోంది. ముందు మావారు వచ్చారు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, స్విచ్ ఆపి, మళ్లీ వేశారు. అంతమాత్రానికి చేతులు మడవడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"వచ్చేస్తుంది చూడు" అని లోపలికి వెళ్లిపోయారు.

రెండు నిమిషాలకి మామగారు వచ్చారు. కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు సెలవు కాగితాలు రాసి రిటైరయ్యారు కాబట్టి, కరెంటుతో నడిచేదేదైనా ఆయన శాఖ కిందికే వస్తుంది. "ప్లగ్గు లూజుగా ఉంది" అని తేల్చి, పీకి, ఉఫ్‌మని ఊది, మళ్లీ గుచ్చారు.

ఇంకో రెండు నిమిషాలకి అత్తగారు. చేత్తో తాకి చూసి, "అయ్యో, కాలిపోతోంది! కాసేపు చల్లారనివ్వండర్రా" అని ఆపేసి, గుడ్డతో తుడిచి, తన మనసు కుదుటపడ్డాక వేశారు.

"దాన్ని ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకండి. వేసిన తర్వాత అది కుదురుకోవడానికి అంత టైం పడుతుంది" అన్నాను. కంపెనీవాళ్లు పంపిన కాగితాలు నాలుగు రోజులుగా బట్టీ పడుతున్నాను. మూడో పేజీలోనే ఉందది.

"నువ్వు కంగారుపడకమ్మా, మేం చూస్తున్నాంగా" అన్నారు మామగారు.

"నువ్వెళ్లి తల దువ్వుకో" అన్నారు మావారు, బాత్రూం కిటికీ దగ్గర నిలబడి మా నెట్ కంపెనీకి ఫోన్ చేస్తూ. రికార్డు చేసిన గొంతు స్విచ్ ఆపి వేయమంది. ఆ తర్వాత ఐదు నిమిషాలు ఆగమని కూడా చెప్పేదే, కానీ ఈయన అప్పటికే పెట్టేశారు. "చూశావా, వాళ్లూ అదే చెప్తున్నారు!" అంటూ విజయగర్వంతో వచ్చి మళ్లీ ఆపి వేశారు.

పదకొండవడానికి ఇంకా ఏడు నిమిషాలుంది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఈ తొమ్మిదేళ్లలో కుట్టుపని మొదలుపెట్టాను, ట్యూషన్లు మొదలుపెట్టాను. ప్రతిదీ కుదురుకునేలోపే ఎవరో ఒకరు పిలిచి ఆపేశారు. అందరూ నా మంచికే పిలిచారు. ఆ పెట్టె మీద జాలేసింది.

లాప్‌టాప్ పట్టుకెళ్లి చెప్పుల స్టాండుకి వీపు ఆనించి నేలమీద కూర్చున్నాను. ఎడమచెయ్యి పైకెత్తి స్విచ్ మీద మూతలా పెట్టాను.

మామగారు రానే వచ్చారు. "ఒక్కసారి జరుగమ్మా."

"జరగను, మామయ్యగారూ."

ఆ ఇంట్లో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. మావారు గదిలోంచి ఊడిపడ్డారు. "అదేంటి, నాన్నతో అలాగేనా మాట్లాడేది?"

"మీరూ నిలబడండి. ఐదు నిమిషాలు."

అత్తగారూ వచ్చి చేరడంతో, ఆపరేషన్ గది బయట బంధువుల్లా ముగ్గురూ వరసగా నిలబడ్డారు. నాలుగో నిమిషంలో అత్తగారి చెయ్యి గుడ్డతో సహా ముందుకొచ్చింది. "అత్తయ్యా" అన్నాను. చెయ్యి వెనక్కి వెళ్లింది. ఐదో నిమిషం దాటాక లైటు పచ్చబడింది.

సరిగ్గా పదకొండింటికి తెరమీద కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ ప్రత్యక్షమైంది. "మీ వెనక ఉన్నవి చెప్పులాండీ?"

"అవునండీ."

"సరే. కస్టమర్ ఫోన్ చేసి, ఎన్నిసార్లు ఆపి వేసినా నెట్ రావట్లేదన్నాడనుకోండి. ముందు ఏం అడుగుతారు?"

లైటు ఏ రంగులో ఉందని అడగాలి. కాగితాల్లో అలాగే ఉంది, నోటి దాకా వచ్చింది కూడా. తలెత్తి చూశాను. ముగ్గురూ ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు.

"ఇంట్లో మీరు ఎంతమంది ఉన్నారండీ అని అడుగుతాను."

ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. ఆ తర్వాత ఇంకో అరగంట ఏవేవో అడిగింది, అన్నీ చెప్పాను. చివరికి, "ఎప్పుడు చేరగలరు?" అంది.

"సోమవారం" అన్నాను. స్విచ్ మీద చెయ్యి తియ్యలేదు.

"సోమవారమా? ముందు మమ్మల్ని ఓ మాట..." అంటూ మావారు ముందుకొచ్చారు.

ఖాళీగా ఉన్న చెయ్యెత్తి ఐదు వేళ్లూ చూపించాను. ఆగారు.