ఏకశిల అనే నేను

నేను ఒక గ్రహశకలాన్ని. శకలమంటే ముక్క అట. ఏ గ్రహం ముక్కనో అడిగితే మాత్రం చెప్పేవాళ్ళు లేరు. అసలు ఏ గ్రహం నుంచీ ఊడిపడలేదని కూడా అంటారు. మరి ముక్క అని ఎందుకు పిలుస్తారో నాకు ఇప్పటికీ బోధపడదు. అంగారకుడికీ బృహస్పతికీ మధ్య, నాలాంటి లక్షలమందితో కలిసి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటాను. ఒక్క చుట్టుకి మీ లెక్కలో నాలుగేళ్ళ పైనే పడుతుంది. ఒళ్ళు బొగ్గులా నలుపు. ఇంత దూరాన ఉండి భూమ్మీది మాటలు ఎలా విన్నానని మాత్రం అడక్కండి, అది నాకూ తెలియదు.

నన్ను పట్టుకున్నది హైమవతి. వరంగల్ మనిషి, మదనపల్లి వైపు ఒక కొండమీది చిన్న వేధశాలలో పనిచేసేది. ఆకాశంలో ఒకేచోటుని మళ్ళీ మళ్ళీ ఫొటోలు తీసి, పక్కపక్కన పెట్టి చూసింది. చుక్కలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ఒక్కటి మాత్రం జరిగింది. ఆ జరిగిన చుక్క నేనే. అంతలో మబ్బులు కమ్మి నేను తప్పిపోయానట. నేనెక్కడికీ పోలేదు, నా దారిన నేను నడుస్తూనే ఉన్నాను. మళ్ళీ దొరికి, నా దారి ఖాయమై, పేరుపెట్టే హక్కు ఆమెకి వచ్చేసరికి ఆమె జుట్టు నెరిసింది.

ఈలోగా నా వెలుగుని కొలిచింది. రెండు గంటలు తిరక్కుండానే అది ఒకసారి పెరిగి తగ్గుతోంది, అంతసేపట్లో నా చుట్టూ నేనే ఒక చుట్టు తిరుగుతున్నానని తేల్చింది. అంత వేగంగా తిరిగేది రాళ్ళకుప్ప అయితే ఎప్పుడో చెల్లాచెదురయ్యేది, కాబట్టి నేను ఒకే రాయినని వ్యాసం రాసింది. ఓరుగల్లుకి ఏకశిలానగరమని పాతపేరు కదా, ఆ పేరే నాకూ పెట్టేసింది: ఏకశిల. నాకు గర్వంగానే ఉండేది, కొంచెం అనుమానంగానూ ఉండేది. ఎప్పుడో ఎవరో వచ్చి గుద్దితే చెదిరిపోయి, మెల్లగా మళ్ళీ పోగైనట్టు లీలగా గుర్తు. పోగైనది నేనేనా, వేరేవాళ్ళా?

ఆమెతో పనిచేసే మునిరత్నం చిత్తూరువాడు. కొత్త కెమెరాతో నన్ను మళ్ళీ కొలిచి, ఒకరోజు పొద్దున్నే ఉప్మా తింటున్న హైమవతి ముందు నా వెలుగు హెచ్చుతగ్గుల గీత ఉన్న కాగితాన్ని పరిచాడు. నేను దోసకాయలా కోలగా ఉంటానట. అటుపక్క ఒకసారి, ఇటుపక్క ఒకసారి, చుట్టుకి రెండుసార్లు వెలుగుతానట.

"ఈ ఎత్తు కంటే ఆ ఎత్తు రవ్వంత తక్కువుండాది, చూడండి మేడం. రెండూ ఒకే మొహం కాదు."

అంటే ఒక చుట్టుకి దాదాపు నాలుగు గంటలు. అంత నిదానంగా తిరిగేది కుప్పయినా చెదరదు. నేను ఒకే రాయినన్న రుజువు కాస్తా ఎగిరిపోయింది. వచ్చేవారం వరంగల్లో, ఆమె చదివిన బడిలో సన్మానం. 'ఆకాశంలో మన ఒంటిరాయి' అని ఫ్లెక్సీ కూడా కట్టేశారు. ఆమె వద్దంటే ఈ గీత బయటపెట్టనన్నాడు మునిరత్నం.

ఉప్మా చల్లారిపోయింది. నాకు నిజంగా భయమేసింది. ఆమె ఒప్పుకుంటే నేను నేను కాకుండా పోతాను, కాదంటే అబద్ధాన్నై తిరుగుతాను. ఏది కోరుకోవాలో తెలియలేదు.

ఆమె ప్లేటు పక్కకి నెట్టి, కాగితాన్ని అతనివైపు జరిపింది.

"పంపుండ్రి సార్. నేను జూసింది సగం తిరుగుడే."

సన్మానంలో కూడా ఆ సంగతి తానే చెబుతానంది. ఒకసారి పెట్టిన పేరు ఇక మార్చరు కదా, దాని సంగతేమిటని అతను నసిగాడు.

"పేరుకేమైతది? మా ఊరు మాత్రం ఒక్కటే రాయా సార్? లక్షలమందిమి ఒకలమీద ఒకలం పడి బతుకుతున్నం. అయినా ఒక్కటే ఊరంటలేమా?"

ఆ మాటకి మాలో ఏదో ఒక రాయి కాస్త సర్దుకుని కూర్చుంది. ఏ రాయో మాకే తెలియలేదు.